గ్రౌండ్‌లో మనం పెట్టిన పేర్లు: పీఈటీలకు, కోచ్‌లకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల బళ్లలో ఆటలు నేర్పే పీఈటీలకు, పీడీలకు, అకాడమీల కోచ్‌లకు నమస్కారం.

నేను మీలో ఒకణ్ని. ముప్పై ఏళ్లకు పైగా వరంగల్ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో క్రికెట్ క్యాంప్ పెడతారు. ఊరికే కూర్చోలేక స్కోరర్‌గా వెళ్తుంటాను. జీతం లేదు, రెండు పూటలా టీ ఇస్తారు. స్కోరర్‌ని ఎవరూ పట్టించుకోరు గానీ, వాడికి మాత్రం అన్నీ వినపడతాయి.

మొన్న మే నెలలో అండర్-14 మ్యాచ్ జరుగుతోంది. కొత్త బంతి ఒక పిల్లాడి చేతికిచ్చారు. పదమూడేళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఆ రనప్ చూస్తేనే ముచ్చటేసింది. రెండో ఓవర్లో ఆఫ్ స్టంప్ ఎగిరిపోయింది. స్లిప్‌లోంచి కేక: "కమాన్ వెస్టిండీస్!" కీపర్ అందుకున్నాడు, "కాలియా, ఇంకొకటి వెయ్‌రా!" బౌండరీ దగ్గర కుర్చీలో ఉన్న కోచ్ కూడా, "శభాష్ రా వెస్టిండీస్" అన్నాడు. పిల్లాడు నవ్వాడు. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

డ్రింక్స్ బ్రేక్‌లో నీళ్ల క్యాన్ నా టేబుల్ పక్కనే పెడతారు. ఆ ఎండలో మిగతా పిల్లలంతా హాఫ్ హ్యాండ్స్ వేసుకుంటే, వీడు మాత్రం మణికట్టు దాకా ఫుల్ హ్యాండ్స్ వేసుకున్నాడు. టోపీ తీసి తల మీద నీళ్లు పోసుకుంటే మెడ మీదుగా తెల్లటి చారలు దిగాయి. సన్‌స్క్రీన్ అనుకున్నాను. "ఏం క్రీమ్‌రా అది?" అని అడిగితే అటూ ఇటూ చూసి, "అక్కది సార్, ఫెయిర్‌నెస్ క్రీమ్" అని మెల్లగా చెప్పి, అరచేత్తో గబగబా తుడిచేసుకున్నాడు.

అప్పుడు నాకు పాతికేళ్ల కిందటి ఇంకో పిల్లాడు గుర్తొచ్చాడు. ఈ ఉత్తరం వాడి వల్లే రాస్తున్నాను.

వాడు మా బడి ఖోఖో జట్టులో ఉండేవాడు. పోల్ డైవ్ కొట్టడంలో మండలంలో వాణ్ని మించినవాడు లేడు. నేను వాణ్ని "బొగ్గు" అని పిలిచేవాణ్ని. "బొగ్గూ, లెయ్!" అంటే చాలు, లేచి ఉరికేవాడు. ఆ పేరు ముందు జట్టుకు పాకింది, తర్వాత క్లాసుకు, తర్వాత ఊరికి. మండల స్థాయి పోటీల్లో మైకు పట్టుకున్న మాస్టారు కూడా ఆ పేరుతోనే పిలిచాడు. నాకు గర్వంగా ఉండేది కూడా, నేను పెట్టిన పేరు అంత బాగా నిలబడిందని.

ఆరేడేళ్ల కింద ఒక బస్టాండ్ ముందు ఎదురుపడ్డాడు. టూ వీలర్ మెకానిక్ షాపు పెట్టుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి కాళ్లకు దండం పెట్టి, టీ తెప్పించాడు. ఆరేళ్ల కొడుకు అక్కడే టైరు దొర్లిస్తూ ఆడుకుంటున్నాడు. "మీ నాయన పేరేంది బిడ్డా?" అని అడిగాను. "బొగ్గు" అన్నాడు వాడు, ఠక్కున.

వాళ్ల నాన్న నవ్వాడు. "పేరు మీరే పెట్టిండ్రు గద సార్. షాపును గూడ గదే పేరుతోటి పిలుస్తరు." బోర్డు మీద ఏదో అమ్మవారి పేరుంది, దాన్నెవరూ చదవరన్నమాట. నేను బస్సుకు లేస్తుంటే పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "వీనికి మాత్రం బళ్లె ఎవ్వల్ని ఏ పేరు పెట్టనిస్తలేను సార్." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. టీ సగంలో వదిలేసి బస్సెక్కాను.

మనం ఎప్పుడూ చెప్పుకునే సమాధానం ఒకటుంది: వాడు నవ్వాడు కదా, వాడికేం ఇబ్బంది లేదు. డారెన్ సామీ సంగతి గుర్తు తెచ్చుకోండి. వెస్టిండీస్‌కు 2012లో, 2016లో రెండు టీ20 ప్రపంచకప్‌లు గెలిపించిన కెప్టెన్. 2013, 2014 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. అప్పుడు తననూ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ "కాలూ" అని పిలిచేవారని ఆయన 2020లో బయటపెట్టాడు. ఆ మాటకు బలమైన గుర్రం అని అర్థమేమో అనుకున్నాడట అన్నాళ్లూ. పిలిస్తే పలికాడు, అందరూ నవ్వితే తనూ నవ్వాడు. నల్లోడు అనేదే అసలు అర్థమని తెలిశాక మనసు విరిగి, కోపంతో వీడియో పెట్టాడు. తర్వాత అప్పటి సహచరుడొకరు మాట్లాడి, ప్రేమతోనే అలా పిలిచామని చెప్పాడు. సామీ దాన్ని నమ్మాడు, గొడవ పెంచకుండా నలుగురికీ తెలియజెప్పే పని చేద్దామన్నాడు. పెద్ద మనసు ఆయనది.

ప్రేమతోనే. నేను బొగ్గు అన్నదీ ప్రేమతోనే. కాకపోతే సామీకి భాష తెలియక నవ్వాడు. మన గ్రౌండ్‌లో పిల్లాడికి భాష తెలుసు, నవ్వకపోతే టీమ్‌లో తన సంగతి ఏమవుతుందో కూడా తెలుసు.

"మనమందరం చామనఛాయవాళ్లమే, మనలో మనకు రేసిజం ఏంటి సార్?" అని క్యాంప్ కోచ్ నన్ను అడిగాడు. చెడ్డవాడేం కాదు, పొద్దున్న ఐదింటికే వచ్చి పిచ్‌కు తనే నీళ్లు పట్టే మనిషి. ఆయన అడిగింది నిజంగా తెలియకే. నేను అభినవ్ ముకుంద్ గురించి చెప్పాను. చెన్నై ఓపెనర్, ఇండియాకు టెస్టులు ఆడినవాడు. రంగు గురించి చిన్నప్పటి నుంచీ ఎన్ని మాటలు పడ్డాడో 2017లో బహిరంగంగా ఉత్తరమే రాశాడు. ఆ మాటలన్నది తెల్లవాళ్లు కాదు. మన గుత్తా జ్వాల ఉంది. నాన్న తెలుగాయన, అమ్మ చైనా మూలాలున్న ఆవిడ. దేశానికి కామన్వెల్త్ స్వర్ణం తెచ్చిన మనిషిని "చింకీ" అన్నారు, కోవిడ్ రోజుల్లో "హాఫ్ కరోనా" అని కూడా అన్నారు. ఆవిడే చెప్పుకుంది. అన్నవాళ్లు ఎక్కణ్నుంచో ఊడిపడలేదు. ఏదో ఒక బళ్లో, ఏదో ఒక పీఈటీ ముందు వరసలో నిలబడి పెరిగినవాళ్లే.

ఒక మాట తీసుకుందాం. కోతి. 2007 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా జట్టు మన దేశానికి వచ్చినప్పుడు వడోదరలో, తర్వాత ముంబైలో ఆండ్రూ సైమండ్స్‌ను చూసి ప్రేక్షకుల్లో కొందరు కోతి కూతలు కూశారు. వాంఖడేలో కొందర్ని పోలీసులు పట్టుకున్నారు కూడా. ఆర్నెల్లు తిరిగేసరికి అదే సైమండ్స్ దక్కన్ చార్జర్స్‌కు వచ్చాడు, 2008 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 117 నాటౌట్ కొట్టాడు. టీవీ ముందు గొంతు పోయేలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకు ముందు అక్టోబర్‌లో ఆ కూతలు విన్నప్పుడు మాత్రం నాకేమీ అనిపించలేదు.

2021 జనవరి, సిడ్నీ టెస్ట్. నాన్న చనిపోయినా ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయిన మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్‌ను స్టాండ్‌లోంచి కొందరు అదే మాట అన్నారు. సిరాజ్ ఊరుకోలేదు, కెప్టెన్ రహానేకు చెప్పాడు, మాట అంపైర్ల దాకా వెళ్లింది. ఆట ఆపి ఆరుగుర్ని స్టేడియం బయటికి పంపారు. కావాలంటే మ్యాచ్ వదిలి వెళ్లొచ్చని అంపైర్లు అన్నారని, తప్పు మనది కాదు, ఆడతామని రహానే చెప్పాడని సిరాజే హైదరాబాద్ వచ్చాక చెప్పాడు. ఆ రోజు మనందరికీ రక్తం మరిగింది. మరగాల్సిందే.

ఇక వరంగల్ జిల్లా కల్లెడ. దీప్తి జీవాంజి ఊరు. 2024 మేలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆ పిల్లను చిన్నప్పుడు "పిచ్చిది" అని, "కోతి" అని ఊళ్లో ఎగతాళి చేసేవారని కన్నవాళ్లే చెప్పుకున్నారు. నేను ఆ జిల్లావాణ్ని. అలాంటి ఊళ్లలోనే ఉద్యోగం చేశాను. అలాంటి మాటలు రోజూ నా చెవిన పడేవి, విజిల్ ఊదాలని ఒక్కసారీ తోచలేదు. ముంబైలో, సిడ్నీలో, కల్లెడలో మాట ఒక్కటే. సిడ్నీలో అన్నప్పుడే మనకు వినపడింది.

పిల్లలకు ఇది ఎలా చెప్పాలి అంటే, నాకు తెలిసి ఆస్ట్రేలియాలోనే జరిగిన ఇంకో సంగతి పనికొస్తుంది. 2013 మేలో మెల్‌బోర్న్‌లో, వాళ్ల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆదివాసీ ఆటగాళ్లను గౌరవించే వారం. మ్యాచ్ చివర్లో సిడ్నీ జట్టు ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ను ప్రేక్షకుల్లోంచి ఎవరో తోకలేని కోతి అనే అర్థం వచ్చే మాట అన్నారు. ఆయన ఆగి, వేలు పెట్టి చూపించాడు. సెక్యూరిటీ వాళ్లు బయటికి తీసుకెళ్లిన మనిషిని చూస్తే పదమూడేళ్ల అమ్మాయి. మర్నాడు గుడ్స్ పత్రికలవాళ్ల ముందుకు వచ్చి, తప్పు ఆ పిల్లది కాదు, ఆమె మీద పడకండి, ఆమెకు అండగా ఉండండి అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ చేసి క్షమాపణ అడిగింది.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. పెద్దవాళ్లు ఊరుకోలేదు. తర్వాతి సీజన్లలో ఆయన బంతి ముట్టుకుంటే చాలు, స్టేడియాలు ఊళలు పెట్టాయి. 2015లో ఆట మానేశాడు. లీగ్ క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది. ఆ లీగ్‌కు నియమాలు లేక కాదు, ఇలాంటి మాటల మీద 1995లోనే నియమం తెచ్చిన లీగ్ అది. పదమూడేళ్ల పిల్ల ఒక్క రోజులో నేర్చుకున్నది పెద్దలు నేర్చుకోలేదు, అంతే. అందుకే నేను ఈ ఉత్తరం పిల్లలకు కాకుండా మీకు రాస్తున్నాను.

క్యాంప్‌లో ఏం చేశామో చెప్తాను. గొప్పదేం కాదు.

మర్నాడు నెట్స్ మొదలుపెట్టే ముందు పిల్లలందర్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. వెస్టిండీస్ అంటున్నారు కదా, వెస్టిండీస్ అంటే ఎవరో తెలుసా అని అడిగాను. గేల్ పేరు చెప్పారు, రసెల్ పేరు చెప్పారు. నేను 1962కు వెళ్లాను. బార్బడోస్‌లో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బంతి తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం మీదికొస్తే రక్తం ఇచ్చినవాళ్లలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ ఒకడు. అవతలి జట్టు కెప్టెన్! ఒక చిన్నవాడు చెయ్యెత్తి, "నల్లవాళ్ల రక్తం మనకు పడుతుందా సార్?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు, అదే నాకు నచ్చింది. బ్లడ్ గ్రూపుల గురించి చెప్పేసరికి పావుగంట పట్టింది. తర్వాత అదే ఏడాది సంగతి ఇంకొకటి చెప్పాను. మన బ్యాటర్లకు ఫాస్ట్ బౌలింగ్ అలవాటు కావాలని బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను రంజీలో ఆడటానికి పిలిపించింది. వాళ్లలో రాయ్ గిల్‌క్రిస్ట్ మన హైదరాబాద్ జట్టుకే ఆడాడు. మహా కోపిష్టి, అంతకు ముందు 1958-59 టూర్‌లో సొంత జట్టే మధ్యలో ఇంటికి పంపేసింది. అదీ చెప్పాను. పాఠం కోసం మనిషిని దేవుణ్ని చేయనక్కర్లేదు.

తర్వాత తలా ఒక కాగితం ముక్క ఇచ్చాం. ఒక వైపు గ్రౌండ్‌లో నిన్ను ఏమని పిలుస్తున్నారు, రెండో వైపు ఏమని పిలిస్తే నీకిష్టం. ఎవరు పిలుస్తున్నారో రాయొద్దన్నాం, సొంత పేరు కూడా రాయనక్కర్లేదన్నాం. వచ్చిన వాటిలో "కాలియా" ఉంది, "చైనా" ఉంది, "నేపాలీ" ఉంది, "లంబాడోడు" ఉంది, ఇక్కడ రాయలేని కులం మాటలు రెండున్నాయి. ఒకడు "టెండూల్కర్" అని రాసి రెండో వైపు కూడా అదే రాశాడు, వాడి మానాన వాణ్ని వదిలేశాం. కోచ్‌కు కూడా కాగితం ఇచ్చాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మడిచి నా చేతికిచ్చిన దాంట్లో "బర్రె" అని ఉంది. తొమ్మిదో తరగతిలో వాళ్ల పీఈటీ పెట్టిన పేరట.

ఆయన మళ్లీ "మనలో మనకు రేసిజం ఏంటి" అనలేదు. ఆ వారం నుంచి ఒక్కటే పద్ధతి పెట్టాడు: రంగు, కులం, ఊరు, దేశం, ముఖం, వీటి మీద మాట వస్తే విజిల్. ఆట ఆగుతుంది. అన్నవాణ్ని పక్కకు తీసుకెళ్లి ఆ మాటకు అర్థమేంటో వాడి నోటితోనే చెప్పించాలి. నలుగురి ముందు బలవంతంగా సారీ చెప్పించొద్దు, పడ్డవాణ్ని నడిమధ్యలో నిలబెట్టొద్దు. "నీకు బాధేసిందా?" అని పదిమంది ముందు అడిగితే ఏ పిల్లాడైనా లేదనే అంటాడు. రెండోసారి అంటే ఆ పూట బెంచీ. బౌండరీ బయట కూర్చున్న తల్లిదండ్రులకూ అదే రూలు. ఒక నాన్నగారికి కోపమొచ్చింది. వచ్చిన కోపం రెండు రోజుల్లో పోయింది.

గ్రౌండ్ అన్నాక మాటామాటా ఉంటుందనీ, పిల్లలు మెతకబడిపోతారనీ అంటారు కొందరు. అననివ్వండి. "బ్యాటుకు బొక్క పడిందా?" అంటే ఉక్రోషమొచ్చి తర్వాతి బంతికి కాలు ముందుకేస్తాడు. నేనే ఎన్నిసార్లు అలా రెచ్చగొట్టి ఆడించానో. "కరెంటు పోతే కనపడవురా" అంటే వాడేం చేయాలి? ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటాడు.

కులం మాటల సంగతి వేరేగా చెప్పనక్కర్లేదు, 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో తిట్టడం నేరం. కానీ మనం పిల్లలకు చట్టం పేరు చెప్పి భయపెట్టడానికే దాన్ని వాడతాం. దానికన్నా వందనా కటారియా గురించి చెప్పండి. టోక్యో ఒలింపిక్స్ హాకీలో దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది, ఒలింపిక్స్ హాకీలో మన ఆడపిల్లల్లో అదే మొదటిది. అదే ఒలింపిక్స్‌లో సెమీస్ ఓడిన రోజు హరిద్వార్ దగ్గర వాళ్ల ఇంటి ముందుకు కొందరు వచ్చి టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు. హ్యాట్రిక్ కొట్టిన రోజు ఆమె కులం ఎవరికీ గుర్తు రాలేదు.

పెద్ద పిల్లలకైతే ఫోన్ గురించి కూడా చెప్పాలి. ఇంగ్లండ్ బౌలర్ ఆలీ రాబిన్సన్ 2021లో లార్డ్స్‌లో తొలి టెస్ట్ ఆడుతున్న రోజే, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో పెట్టిన జాతివివక్ష ట్వీట్లు బయటపడ్డాయి. బాగా బౌలింగ్ చేసినా తర్వాతి టెస్టుకు పక్కన పెట్టేశారు. మీ టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఏం తిరుగుతోందో ఒకసారి చూడండి. నేను చూశాను, చూడకపోయినా బాగుండేదనిపించింది.

జూన్‌లో బడులు తెరుస్తారు. మొదటి వారం గేమ్స్ పీరియడ్‌లో ఎలాగూ సామాన్లు రావు, బంతులకు గాలి ఉండదు. ఆ పీరియడ్ ఒకటి ఈ పనికి ఇవ్వండి. పై నుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆగొద్దు. ముందు మీ సొంత కాగితం మీరు నింపండి: ఇన్నేళ్లలో ఎవరెవరికి ఏ పేర్లు పెట్టానో. నా కాగితంలో పదకొండు దాకా లెక్క తేలింది, తర్వాత ఆపేశాను. మెకానిక్ షాపుకు మాత్రం మళ్లీ వెళ్లాను. ఏం మాట్లాడుకున్నామో అది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

కాగితాలు రాయించిన రోజు సాయంత్రం లెక్కలు సరిచూద్దామని స్కోర్‌బుక్ తెరిచాను. బౌలర్ల వరసలో, నా చేతిరాతతోనే, నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కోచోట "డబ్ల్యూఐ" అని ఉంది. పిల్లలు అరుస్తుంటే విని అలాగే రాసేసినట్టున్నాను. మర్నాడు ఆ పిల్లాణ్ని టేబుల్ దగ్గరికి పిలిచి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు అడిగాను. రెండుసార్లు తప్పు రాస్తే వాడే స్పెల్లింగ్ చెప్పి దిద్దించాడు. నాలుగు చోట్లా కొట్టేసి రాశాం. తొమ్మిది వికెట్లు. తన పేరు పక్కన అంకె ఎంతుందో వంగి చూసుకుని, బంతి తీసుకుని వెళ్లిపోయాడు.

ఇట్లు,
మీలో ఒకడు, ఒక రిటైర్డ్ పీఈటీ